అరవై అడుగుల లోతున అడవి

జలాశయం అడుగున ఒక అడవి ఉందనీ, అది నలభై ఏళ్లుగా ప్రభుత్వం కోసం ఎదురుచూస్తోందనీ, ఆ ఎదురుచూపు ఇవాళ్టితో ముగిసిందనీ మంత్రిగారు సోమవారం పొద్దున పదకొండు గంటలకు ప్రకటించారు. నిజానికి పదింటికే ప్రకటించాలి. మంత్రిగారు రావడం కాస్త ఆలస్యమైంది. నలభై ఏళ్లు ఆగిన అడవి ఇంకో గంట ఆగలేదా ఏమిటి!

"ఒక్క చెట్టు కొట్టకుండా కలప!" అన్నారు మంత్రిగారు బల్ల గుద్ది. "ఒక్క ఆకు రాలకుండా కలప! ఒక్క పిట్టగూడు కదలకుండా కలప! ఆనకట్ట కట్టినప్పుడు గత పాలకులు పచ్చటి అడవిని నీళ్లలో ముంచేశారు. ఆ అడవిని మేం పైకి తీసి ప్రజల చేతిలో పెడతాం. ఇదీ మా విజన్!"

విలేకరులు గబగబా రాసుకున్నారు. ఆ గత పాలకుల్లో మంత్రిగారి నాన్నగారు కూడా ఉండేవారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దవాళ్ల ఇంటి విషయాలు మనకెందుకు? పథకానికి 'జలవన సంపద' అని పేరు పెట్టారు, ఒక డైరెక్టర్ గారిని వేశారు, ఆయనకు ఏసీ గది ఇచ్చారు. గదిలో ఒక అద్దాల చేపల తొట్టి పెట్టి, అందులో ప్లాస్టిక్ చెట్లు పాతి, 'మోడల్' అని చీటీ అంటించారు. తొట్టిలో రెండు చేపలు కూడా ఉన్నాయి. చేపలు మాత్రం నిజమైనవే.

అడవి ఉందనడానికి రుజువేమిటని అడిగే కుళ్లుబోతులు ఎప్పుడూ ఉంటారు. రుజువు రిజిస్టరు. ఆనకట్ట కట్టిన ఏడాది అటవీ శాఖ రిజిస్టరులో 'మునిగిన చెట్లు: పద్దెనిమిది వేల నాలుగు వందల ఇరవై' అని గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాసి ఉంది. అంత అందమైన చేతిరాత అబద్ధం చెబుతుందంటే ఎవరు నమ్ముతారు?

అయినా డైరెక్టర్ గారు పద్ధతి గల మనిషి. ఒకసారి కిందికి దిగి చూసి రావాలన్నారు. ఎవరు దిగాలి? ఆయన దిగలేరు, మెడ నొప్పి. హెడ్ గుమాస్తా దిగలేడు, రిజిస్టర్లు తడుస్తాయి. అప్పుడు అందరికీ బుడుంగు గుర్తొచ్చాడు.

బుడుంగు ఆనకట్ట గేట్ల దగ్గర డైవరు. ముఖానికి మాస్కు, నడుముకి సీసపు పట్టీ, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని నీళ్లలోకి దిగి, షట్టర్లకి పట్టిన నాచూ చెత్తా గీకి పైకి వస్తాడు. హాజరు పట్టీలో వేరే పేరుంది గానీ, పడవ అంచు మీంచి బుడుంగున మునిగే తీరు చూసి ఎవరో ఈ పేరు పెట్టారు, అదే నిలిచిపోయింది. పద్నాలుగేళ్ల నుంచీ టెంపరరీ. ఆరు నెలలకోసారి ఒక రోజు ఉద్యోగంలోంచి తీసేస్తారు, మర్నాడు మళ్లీ కొత్తగా చేర్చుకుంటారు. ఆ ఒక్క రోజు బుడుంగు ఇంట్లో కూర్చుని గోడ వంక చూస్తాడు. రేపు పిలుస్తారో, పిలవరో! పద్నాలుగేళ్లలో ఇరవై ఎనిమిది సార్లు పిలిచారు, అయినా ఆ రోజు అతనికి ముద్ద దిగదు.

అలాంటి బుడుంగుని డైరెక్టర్ గారు స్వయంగా గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, "కూర్చో" అన్నారు. బుడుంగు కూర్చోలేదు. ఆ కుర్చీలో తడిబట్టలతో కూర్చుంటే ఏమవుతుందో అతనికి తెలుసు.

మర్నాడు పడవలో జలాశయం మధ్యకి తీసుకెళ్లి దింపారు. పైన పడవలో కంప్రెసర్ డబడబలాడుతుంటే, గొట్టంలోంచి వచ్చే నూనె వాసన గాలి పీలుస్తూ, నెత్తిన లైటు వెలిగించుకుని బుడుంగు అరవై అడుగులు దిగాడు. చీకటి, చలి, కాళ్ల కింద మోకాటి లోతు బురద. చెయ్యి చాపితే గట్టిగా ఏదో తగిలింది. లైటు అటు తిప్పి చూశాడు. మొద్దు. దాని పక్కన ఇంకో మొద్దు. దాని అవతల ఇంకోటి. ఒక్కో మొద్దు మీదా అరచెయ్యి పెట్టి తడిమాడు. బల్లలాగా నున్నగా ఉంది. రంపం పెట్టి వాటంగా కోసిన కోత.

గంటసేపు అటూ ఇటూ నడిచాడు. లైటు పడ్డంత మేరా మొద్దులే తప్ప ఒక్క చెట్టు లేదు. బుడుంగు చదువుకున్నది తక్కువే అయినా ఈ పాటి లెక్క తెలుసు. నీళ్లలోకి దిగి ఎవడూ రంపం పట్టడు. నీళ్లు రాకముందే చెట్లు లారీలెక్కి వెళ్లిపోయాయి. మునిగినవి మొద్దులు. రిజిస్టరులో మునిగినవి మాత్రం చెట్లు.

పైకొచ్చి, ఆ తడి ఒంటితోనే డైరెక్టర్ గారి గదికి వెళ్లి ఉన్నమాట చెప్పేశాడు.

"ఎన్ని చెట్లు చూశావు?"

"చెట్లు లేవండి. మొద్దులున్నాయి."

డైరెక్టర్ గారు లేచి తలుపు మూశారు. ఏసీ ఇంకాస్త పెంచారు. బుడుంగు వణికాడు.

"మొద్దు దేనికుంటుందయ్యా?"

"చెట్టుకండి."

"చెట్టు లేకుండా ఒట్టి మొద్దు ఎక్కడైనా పుడుతుందా?"

"పుట్టదండి."

"మరి మొద్దుందంటే ఏంటర్థం?"

"చెట్టు ఒకప్పుడు ఉండేదని అండి."

"ఉన్నట్టు ఒప్పుకున్నాడు. రాసుకోండి," అన్నారు డైరెక్టర్ గారు.

మూల కూర్చున్న హెడ్ గుమాస్తా ఫారం తీశాడు. ఫారంలో రెండే గళ్లున్నాయి. ఒకటి 'నిలబడి ఉన్న చెట్లు', రెండోది 'పడి ఉన్న చెట్లు'. మూడో గడి లేదు. గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకుని, "మొద్దులు నిలబడి ఉన్నాయా, పడి ఉన్నాయా? తిన్నగా చెప్పు," అన్నాడు.

"నిలబడే ఉన్నాయండి. కానీ..."

"కానీలకి గడి లేదు. నిలబడి ఉన్నవి, పద్దెనిమిది వేల నాలుగు వందల ఇరవై. ఇక్కడ సంతకం."

బుడుంగు పెన్ను పట్టుకుని తటపటాయించాడు. అప్పుడు డైరెక్టర్ గారు సొరుగులోంచి ఒక ఫైలు తీసి బల్ల మీద పెట్టారు. దుమ్ము దులిపారు. దాని మీద బుడుంగు అసలు పేరుంది.

"పద్నాలుగేళ్లు కదూ?" అన్నారు ఎంతో దయగా. "పర్మనెంట్ చేద్దామని నాకూ ఉంది. సంతకం పెట్టడానికి చేతులు రానివాణ్ణి పర్మనెంట్ ఎలా చెయ్యను చెప్పు?"

బుడుంగు సంతకం పెట్టేశాడు. కాగితం మీద సిరా గీతే కదా, ఎవరికి నష్టం అనుకున్నాడు. కింద ఉన్న మొద్దులు ఎలాగూ వచ్చి సాక్ష్యం చెప్పవు.

సాయంత్రం ఇంటికెళ్లి, పర్మనెంట్ అవబోతోందని చెప్పాడు. భార్య ముందు నమ్మలేదు. తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత చెంబు పుచ్చుకుని నీళ్లకని బయల్దేరి, వీధిలో ఒక్క గడపా వదలకుండా చెప్పి వచ్చింది. చెంబులో నీళ్లు మాత్రం తీసుకురాలేదు. ఏ కాగితం మీద సంతకం పెట్టాడో బుడుంగు చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

బుడుంగు భార్యని ఆ చుట్టుపక్కల చెట్లమ్మ అంటారు. ఆనకట్ట కింద ఊళ్లు పోయినవాళ్లకి జలాశయం ఒడ్డున గట్టు మీద ఇళ్ల స్థలాలిచ్చారు. గట్టంటే రాళ్లూ ఎండా తప్ప ఏమీ లేని చోటు. పెళ్లయి వచ్చిన ఏడాదే చెట్లమ్మ అక్కడ మొక్కలు నాటడం మొదలుపెట్టింది. టేకు, వేప, కానుగ, ఏది దొరికితే అది. రోజూ రెండు బిందెలతో జలాశయం నుంచి గట్టెక్కి నీళ్లు పోసింది. ఇరవై రెండేళ్లలో మూడు వందల పన్నెండు చెట్లయ్యాయి. దేనికి ఎప్పుడు చెద పట్టిందో, ఏది గాలికి వంగి మళ్లీ నిలబడిందో ఆవిడకి నోటికి వచ్చు. పిల్లలు లేని ఇల్లు అది. ఆ మాట ఆవిడ ముందు ఎవరైనా అంటే, "మూడొందల పన్నెండు మందిని పెంచాను, ఇంకా ఎంతమంది కావాలి?" అని ఒంటికాలి మీద లేచేది.

పదేళ్ల కిందట అటవీ శాఖవాళ్లు వచ్చి ఆ చెట్లు లెక్కబెట్టి, ఒక్కోదానికీ నంబరు రేకు కొట్టి, 'శాఖ వారి ఆదర్శ వనం' అని బోర్డు పెట్టుకుని వెళ్లారు. ఊళ్లోవాళ్లకి కడుపు మండింది. చెట్లమ్మ మాత్రం, "పోనిద్దురూ, బోర్డు వాళ్లది, నీడ మనది," అంది.

ఇంతలో ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టారు. మంత్రిగారు ఒడ్డున వేదిక మీద బటన్ నొక్కగానే నలభై ఏళ్ల నాటి చెట్లు నీళ్లలోంచి పైకి లేవాలి. కార్డులు అచ్చయ్యాయి, టెంట్లు వచ్చాయి, బటన్ కూడా వచ్చింది. ఎర్రటి బటన్. చెట్లే రావాలి. ప్రతి గొప్ప పథకంలోనూ ఇలా ఏదో ఒక చిన్న వస్తువు తక్కువ పడుతుంది, దక్షుడైన అధికారి దానికోసం ఆగిపోడు.

బుధవారం పొద్దున చెట్లమ్మ వంటగదిలో ఉండగా గట్టు మీంచి రంపం మోత వినిపించింది. చేతిలో గరిటెతోనే పరిగెత్తింది. మిషన్ రంపాలతో పన్నెండు మంది, ఒక లారీ, గొడుగు కింద కుర్చీలో కాంట్రాక్టరు. అప్పటికే నాలుగు చెట్లు నేల మీదున్నాయి.

"ఎవరు కొట్టమన్నార్రా? ఎవరు కొట్టమన్నారు?" అని అడ్డం పడింది.

కాంట్రాక్టరు పెద్దమనిషి. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "అక్కా, మీరు బుడుంగు గారి ఇంట్లోవాళ్లు కదూ? మీరే అడ్డం వస్తే ఎలా? ఇదంతా మీ ఆయన కోసమే కదా!"

"మా ఆయన కోసమా?"

"కింద చెట్లున్నాయని మీ ఆయన రాసిచ్చాడు. ఉన్నాయని రాశాక మంత్రిగారి ముందు చెట్లు రాకపోతే ఎవరి ఉద్యోగం పోతుంది? మీ ఆయనదే. అందుకని వీటిని కొట్టి, రాళ్లు కట్టి, నీళ్లలోకి దింపుతున్నాం. మళ్లీ అవే పైకొస్తాయి. చెట్లు ఎక్కడికీ పోవక్కా, ఒకసారి స్నానం చేసొస్తాయి, అంతే." కాగితం జిరాక్స్ కూడా చూపించాడు. కింద బుడుంగు సంతకం ఉంది.

ఆవిడ గట్టు దిగి, ఆనకట్ట మెట్లెక్కి, గేట్ల దగ్గర పని చేసుకుంటున్న బుడుంగు ముందు నిలబడింది. చేతిలో గరిటె ఇంకా అలాగే ఉంది.

"కింద చెట్లు చూశావా?"

"లేదు," అన్నాడు బుడుంగు. రంపం మోత అతనికీ వినిపిస్తూనే ఉంది.

"మరి చూశానని ఎందుకు రాశావు?"

"నీ కోసమే. పర్మనెంట్..."

"నేనడిగానా?"

"పద్నాలుగేళ్లుగా అడుగుతున్నావు."

అది నిజమే మరి. "అడిగాను," అంది చెట్లమ్మ. "ఉద్యోగం తెచ్చుకోమన్నాను. నా చెట్లు ధారపోసి తెచ్చుకోమన్నానా?"

బుడుంగుకి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. అరవై అడుగుల నీళ్ల బరువు మోసిన మనిషి, ఆ మాట మొయ్యలేకపోయాడు. డైరెక్టర్ గారి గదికి పరిగెత్తి, "అయ్యా, నా సంతకం వెనక్కిచ్చెయ్యండి," అని కాళ్లావేళ్లా పడ్డాడు. డైరెక్టర్ గారు చేపలకి మేత వేస్తూ, "ఇచ్చిన మాట మీద నిలబడ్డం నేర్చుకోవయ్యా," అని మందలించారు. ఆ రోజు నుంచి ఇంట్లో మాటల్లేవు. కంచం పెట్టిన చప్పుడు, చెంబు పెట్టిన చప్పుడు, అంతే. ఆదివారానికి గట్టు గుండు చేసినట్టయింది.

ప్రారంభోత్సవం మహా వైభవంగా జరిగింది. మంత్రిగారి ముందున్న బటన్ కి ఒక తీగ ఉంది, ఆ తీగ వేదిక వెనక్కి వెళ్లి అక్కడితో ఆగిపోయింది. మంత్రిగారు బటన్ నొక్కగానే, పడవలో ఉన్న మనిషి తాడు మూడుసార్లు లాగాలి. కింద ఉన్న బుడుంగు కత్తితో రాళ్ల మూటల తాళ్లు కోసెయ్యాలి. ఇదంతా 'రిమోట్ కంట్రోల్ వ్యవస్థ' అని కరపత్రంలో వేశారు.

తాడు మూడుసార్లు కదిలింది. బుడుంగు కోశాడు. ఏ చెట్టుకి చెద మందు పూశాడో, దేనికి ఆనుకుని నిద్రపోయాడో చేత్తో తడిమితే తెలిసిపోతోంది. కోసి, కోసి, మాస్కులో ఏడ్చి, పడవ చాటున పైకి తేలాడు.

అప్పటికి చప్పట్లు మోగిపోతున్నాయి. మొదటి మాను నీళ్ల మీద తేలుతూ ఒడ్డుకి వచ్చింది. దానికి ఒక కొమ్మ, కొమ్మకి గుప్పెడు పచ్చటి ఆకులు.

ఒక విలేకరి లేచాడు. ఇలాంటివాళ్లు ప్రతి సభలోనూ ఒకరుంటారు. "సార్, నలభై ఏళ్లు నీళ్లలో నానిన చెట్టుకి పచ్చి ఆకులు ఎలా ఉన్నాయి?"

డైరెక్టర్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మంత్రిగారు మాత్రం చిరునవ్వు నవ్వారు. "మా హయాంలో నీళ్ల క్వాలిటీ అదయ్యా!"

సభ దద్దరిల్లింది. రెండో మానుకి నంబరు రేకుంది. "ముందుచూపుతో ఆనాడే నంబర్లు వేశారు," అన్నారు డైరెక్టర్ గారు, ఊపిరి తిరిగొచ్చి. మూడో మానుకి చెట్లమ్మ బట్టలారేసుకునే తీగ చుట్టి ఉంది. తీగకి బుడుంగు బనీను వేలాడుతోంది. మంత్రిగారు దాన్ని కళ్లజోడు పెట్టుకుని మరీ పరిశీలించారు. "ప్రాచీన నాగరికత," అని నిర్ధారించారు. "జాగ్రత్తగా తీసి మ్యూజియానికి పంపండి." పడవ చాటున బుడుంగు నోరెళ్లబెట్టాడు. ఆ బనీను కోసం అతను మూడు రోజుల నుంచీ వెతుకుతున్నాడు.

మర్నాడు పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది. నీళ్లలోంచి తీసిన చెట్లు మూడు వందల పన్నెండు, కొట్టిన చెట్లు సున్న.

డైరెక్టర్ గారు మాట తప్పే మనిషి కాదు. పది రోజుల్లో బుడుంగుకి పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. హెడ్ గుమాస్తా స్వయంగా చదివి వినిపించాడు. పోస్టు పేరు 'జలాంతర వన సంరక్షకుడు'. రూలు ప్రకారం ఒక చెట్టు తీస్తే రెండు మొక్కలు నాటాలి. ఎక్కడ తీశారో అక్కడే నాటాలి. తీసింది జలాశయం అడుగున కాబట్టి, ఆరు వందల ఇరవై నాలుగు మొక్కలు జలాశయం అడుగునే నాటాలి. రోజూ ఉదయం, సాయంత్రం వాటికి నీళ్లు పోయాలి.

"నీళ్లలో ఉన్న మొక్కకి నీళ్లు పోయడమేంటండీ?"

"మొక్కకి నీళ్లు పోయాలని రూల్లో ఉంది. మొక్క ఎక్కడుండాలో రూల్లో లేదు. ఇదిగో బకెట్. స్టాకు పుస్తకంలో సంతకం పెట్టు." సంతకం అనేసరికి బుడుంగు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గుమాస్తా వేలిముద్ర వేయించుకున్నాడు.

ఆర్డరు తీసుకెళ్లి ఇంట్లో గూట్లో పెట్టాడు. చెట్లమ్మ దాని వంక చూడలేదు. కానీ మొక్కల లారీ ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడు మాత్రం గుమ్మంలోకి వచ్చింది. మూడు వారాల తర్వాత మొదటిసారి మొగుడితో మాట్లాడింది.

"ఆ మొక్కలు గట్టు మీదకి ఇప్పించు."

బుడుంగు ఆఫీసుకి పరిగెత్తాడు. హెడ్ గుమాస్తా ఇంకో రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూపించాడు. "గట్టు మీద ఆల్రెడీ మూడు వందల పన్నెండు చెట్లున్నాయి. ఖాళీ ఎక్కడుందయ్యా?"

"అవి కొట్టేశారు కదండీ!"

"ఎవరు కొట్టారు? ఒక్క చెట్టు కూడా కొట్టలేదని మంత్రిగారు చెప్పారు, పేపర్లో వచ్చింది. మంత్రిగారు అబద్ధాలాడారంటావా?"

"కిటికీలోంచి చూడండి. గట్టు కనిపిస్తోంది కదా!"

"కిటికీకి ఆఫీసులో హోదా లేదు," అని గుమాస్తా రిజిస్టరు మూసేశాడు.

చేసేదేముంది? బుడుంగు మొక్కలతో నీళ్లలోకి దిగాడు. పథకం ప్లాస్టిక్ రహితం కాబట్టి కవర్లు చింపేసి, ఒట్టి వేళ్లతో నాటాలన్నారు. మట్టంతా కడుక్కుపోయేది. వేళ్లు బురదలో గుచ్చి, పైన ఒక చిన్న రాయి పెట్టేవాడు. మొద్దుల మధ్య మొక్కలు నాటుకుంటూ పోయాడు. పొద్దునా సాయంత్రం బకెట్ తీసుకెళ్లి, నిండా ముంచి, అక్కడే ఒంచి వచ్చేవాడు. పైకొచ్చాక గుమాస్తా పడవలోంచి అడిగేవాడు. "పోశావా?"

"పోశానండి."

"తడిశాయా?"

"బాగా తడిశాయండి."

గుమాస్తా టిక్కు పెట్టేవాడు. పదకొండు రోజుల పాటు ఆ పని ఏ లోటూ లేకుండా సాగింది. బుడుంగుకి ఆ పని చూస్తే నవ్వొచ్చేది, ఇంటికెళ్లి భార్య మొహం చూస్తే ఆ నవ్వు ఎగిరిపోయేది. అయినా నెల తిరిగితే పర్మనెంట్ జీతం వస్తుందనీ, అప్పుడు ఆవిడ మనసు కరుగుతుందనీ తనకు తానే సర్ది చెప్పుకునేవాడు.

పన్నెండో రోజు మంత్రిగారు పడవ మీద తనిఖీకి వచ్చారు. సరిగ్గా ఆ పొద్దునే కాలవకని ఆనకట్ట గేట్లు ఎత్తారు. అడుగున నీళ్లు కదిలాయి. ముందు ఒక మొక్క ఊడి పైకి తేలింది. తర్వాత పది, తర్వాత వంద. చూస్తుండగానే జలాశయం మీద ఎటు చూసినా లేత ఆకులే.

బుడుంగు కూడా అదే పడవలో ఉన్నాడు. పర్మనెంట్ సంగతి ఇంతటితో సరి అనుకున్నాడు.

డైరెక్టర్ గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "సార్! అరవై అడుగుల లోతున నాటాం సార్. పదకొండు రోజుల్లో నీళ్లపైకి వచ్చేశాయి!"

మంత్రిగారు వేళ్ల మీద లెక్కవేశారు. "రోజుకి ఐదడుగుల పైనే ఎదిగాయన్నమాట."

"అయ్యా," అన్నాడు బుడుంగు ఉండబట్టలేక, "అవి ఎదగలేదండి. వేళ్లు ఊడి తేలుతున్నాయండి."

మంత్రిగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "చూశారా, ఇంత సాధించి కూడా ఎంత వినయమో!" అని కెమెరాల వైపు తిరిగారు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

సాయంత్రానికి కొత్త ఆర్డరు టైపైంది. మొక్కలు నిర్ణీత కాలం కన్నా ముందే చెట్లయిపోయినందున, పెంపకం పని పూర్తయినందున, జలాంతర వన సంరక్షకుడి పోస్టు రద్దు. బుడుంగు సేవలకి శాఖ అభినందనలు.

"పోనీ, మళ్లీ గేట్ల దగ్గరికే వెళ్తానండి," అన్నాడు బుడుంగు. "టెంపరరీగానే వెయ్యండి."

హెడ్ గుమాస్తా కూడా బాధపడ్డాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒకసారి పర్మనెంట్ అయినవాణ్ణి టెంపరరీగా తీసుకోకూడదయ్యా. రూలు. ఆ బకెట్ ఇచ్చేసి వెళ్లు."

మర్నాడు పొద్దున బుడుంగు ఒడ్డుకి వచ్చేసరికి చెట్లమ్మ మోకాలి లోతు నీళ్లలో ఉంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన మొక్కల్ని ఒక్కొక్కటే ఏరి, వేళ్లు నలగకుండా బుట్టలో పేరుస్తోంది.

"ఉద్యోగం పోయింది," అన్నాడు.

"ఏది, నీళ్లకి నీళ్లు పోసేదా?" ఆవిడ తలెత్తలేదు. "పోతే పోయిందిలే. ఇటొచ్చి ఈ బుట్ట పట్టు."

బుడుంగు బుట్ట నెత్తికెత్తుకున్నాడు. ఇద్దరూ గట్టెక్కారు. కొట్టేసిన మొద్దుల మధ్య ఆవిడ గునపంతో గొయ్యి తీస్తుంటే, అతను మొక్క నిలబెట్టి మట్టి తొక్కాడు. ఎనిమిదో మొక్క దగ్గరుండగా అటవీ గార్డు ఆయాసపడుతూ పైకొచ్చాడు. చంకలో రిజిస్టరు.

"ఆపండమ్మా, ఆపండి! ఇక్కడ నాటకూడదు. ఈ గట్టు మీద ఇప్పటికే మూడు వందల పన్నెండు చెట్లున్నాయి. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఎడం ఉండాలని రూలు."

చెట్లమ్మ గునపం ఆపలేదు. "ఉన్న చెట్లని నువ్వు చూసుకో బాబూ. లేని చెట్లని మేం నాటుకుంటాం."

మధ్యాహ్నపు ఎండ నడినెత్తిన మండిపోతోంది. గార్డు గట్టు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తర్వాత ఒక మొద్దు మీద చతికిలబడి, రిజిస్టరు తెరిచి నెత్తి మీద బోర్లించుకున్నాడు.